నిద్రపోగానే ఆగిపోయే ఏసీ: సెన్సర్ తికమకలు, పరిష్కారాలు

అర్ధరాత్రి ఏసీ ఆగిపోయి, చెమటతో మెలకువ వస్తోంది

కారణం: గదిలో మనిషి ఉంటే ఏసీని నడిపి, లేకపోతే ఆపేసే సెన్సర్ పరికరాలు ఇప్పుడు వస్తున్నాయి. వాటిలో ఎక్కువగా ఉండేది పీఐఆర్ (పరారుణ వేడిని చూసే) సెన్సర్. అది మనిషిని గుర్తుపట్టదు, ఒంటి వేడి కదిలితేనే పసిగడుతుంది. గాఢనిద్రలో కదలకుండా ఉంటే గది ఖాళీ అనుకుంటుంది.

పరిష్కారం: రాత్రిపూట సెన్సర్ ఆపేసి, 26 డిగ్రీలు పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. పసిపిల్లలు, మంచం పట్టిన పెద్దలు ఉండే గదిని పగలైనా సెన్సర్‌కు వదిలేయకండి. వాళ్లను ఉక్కపోతలో పెట్టి మిగిల్చే యూనిట్లు మనకు వద్దు.

మే నెల మధ్యాహ్నం గదిలోకి వెళ్లినా ఏసీ మొదలుకాదు

విశాఖలోని గాజువాకలోనో మధురవాడలోనో పై అంతస్తులో పడమటి గది అనుకోండి. తలుపులు మూసి ఉంచితే లోపలి వేడి 35 డిగ్రీలకు చేరుతుంది. మన చర్మం వేడి కూడా ఇంచుమించు అంతే. గోడకూ మనిషికీ తేడా లేనప్పుడు సెన్సర్‌కు ఏం తెలుస్తుంది? మెకానిక్‌ను పిలిచే ముందు ఫ్రిజ్‌లోని చల్లటి ప్లాస్టిక్ నీళ్ల సీసాను సెన్సర్ ముందు అడ్డంగా అటూ ఇటూ కదపండి. ఏసీ మొదలైతే సెన్సర్ బాగున్నట్టే. అలాంటి వేళ రిమోట్‌తో వేయండి. గది చల్లబడ్డాక సెన్సర్ మళ్లీ పసిగడుతుంది. కిటికీకి బయటివైపు వెదురు తడిక కడితే ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది.

ఎవరూ లేకపోయినా నడుస్తూనే ఉంది

పీఐఆర్ అయితే ఎండకు వేడెక్కి ఊగే కర్టెన్‌ను, రేడియో తరంగాలతో కదలికను పట్టే రాడార్ సెన్సర్ అయితే తిరిగే సీలింగ్ ఫ్యానును అనుమానించండి. సెన్సర్‌ను వాటివైపు చూడకుండా తిప్పితే చాలు.

గది జిగటగా ఉంటోంది

కదలిక లేకపోతే ఐదు నిమిషాలకే ఏసీ ఆగేలా సెన్సర్‌ను పెట్టి ఉంటారు. కంప్రెసర్ ఆగాక ఏసీ లోపలి ఫ్యాను తిరుగుతుంటే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీది తడి మళ్లీ గాలిలో కలుస్తుంది. అసలే సముద్రపు తేమ. గడువును 20 నిమిషాలకు పెంచండి. ఆపే బదులు 28 డిగ్రీలకు మార్చే సదుపాయం ఉంటే కాసేపు బయటికి వెళ్లినప్పుడు అదే హాయి.

బిల్లు మాత్రం తగ్గలేదు

సెన్సర్ ఉంది కదా అని 20 డిగ్రీలు పెడుతున్నారా? ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీలతో మొదలవ్వాలన్న నిబంధన కూడా అందుకే వచ్చింది. పెదవాల్తేరు, లాసన్స్ బే వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఔట్‌డోర్ యూనిట్ కాయిల్ చుట్టూ ఉండే పలుచని లోహపు రెక్కలు తుప్పు పట్టి దెబ్బతింటాయి. వేడి బయటికి పోక కంప్రెసర్ ఎక్కువసేపు నడుస్తుంది. ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించి, పైపుతో మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు కడగండి. రెక్కలు పొడిపొడిగా రాలుతుంటే మాత్రం కాయిల్ మార్చాల్సిందే.