చెరువు ఈత సముద్రానికి చాలదు: భీమిలి వెళ్లే ఓరుగల్లు వాళ్లకు

సద్దుల బతుకమ్మను చెరువులో సాగనంపి, దసరా జమ్మి పంచుకున్న మర్నాడే వ్యాన్ ఎక్కి సముద్రం దారి పట్టడం మా ఇంట్లో అలవాటైంది. పరుపులు, చిన్న గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుంటాం. భీమిలిలో ఒక రోజు, ఏ హడావుడీ లేకుండా. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చి వాళ్ల పాత సమాధులు, పొద్దున్నే ఒడ్డుకొచ్చే పడవలు. అంతే ప్లాన్.

కానీ మన దగ్గర వానలు తగ్గే ఈ రోజులే బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబర్ 12నే. వార్తల్లో భీమునిపట్నం (భీమిలి పూర్తి పేరు అదే) పోర్టుకు ప్రమాద హెచ్చరిక అని వినబడితే, ఇచ్చిన అడ్వాన్సు గురించి ఆలోచించకుండా ఆగిపోండి.

ఖమ్మం, రాజమండ్రి మీదుగా దారి 450 కిలోమీటర్లు దాటుతుంది. రాత్రంతా నడిపి తెల్లారేసరికి ఇసుకలో కాళ్లు పెట్టాలన్న ఆశ వద్దు. దారిలో ఒక రాత్రి పడుకోండి. ఎల్లో బోర్డు బండి అయితే ఆంధ్రలోకి పర్మిట్ తీసుకున్నారో లేదో బయల్దేరకముందే కనుక్కోండి.

ఇక అసలు భయం నీళ్లతో. మనం చెరువుల్లో ఈత నేర్చుకున్నవాళ్లం. అలలు విరగని, ప్రశాంతంగా కనబడే చోటు చూసి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాం. సముద్రంలో అదే తప్పు. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి చాలాసార్లు అలాంటి చోటే ఉంటుంది. చెరువులో తూము గుర్తుందా? పైన నీళ్లు కదలవు, లోపల లాగుతుంటాయి. కట్ట మీద పెరిగిన పిల్లలెవరూ తూము దగ్గర దూకరు. సముద్రానికీ తూములున్నాయి. కాకపోతే అవి రోజుకో చోటికి మారతాయి, గుర్తుగా రాయి కూడా ఉండదు. అందుకే దిగేముందు అక్కడి జాలర్లను అడగాలి. "ఇక్కడ దిగొచ్చా అన్నా?" అంటే చాలు, చెయ్యి చూపించి చెప్తారు.

ఇంకో చిన్న ఉపాయం. చెప్పులు విడిచిన చోటికి ఎదురుగానే దిగండి. కాసేపయ్యాక తిరిగి చూస్తే చెప్పులు పక్కకు జరిగినట్టుంటే, జరిగింది మీరే. నీళ్లు లాగుతున్నాయని అర్థం, బయటికి రండి. లోపలికి లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. తేలుతూ చెయ్యెత్తి అరవండి, ఒడ్డు వెంబడే పక్కకు ఈది ఆ లాగుడు తప్పాక బయటికి రండి. ఒకరు మునుగుతుంటే కాపాడాలని ఇంకొకరు దూకి ఇద్దరూ పోయిన వార్తలు ఎన్ని చదవలేదు? ఖాళీ నీళ్ల క్యాన్‌కు మూత బిగించి విసరండి, 112కు ఫోన్ చేయండి. నది కలిసే మొగ దగ్గరైతే మోకాలి లోతు దాటొద్దు.

బండిని ఇసుకలోకి దించకండి. పోయినేడు మా బామ్మర్ది "ఏం కాదు బావా" అని దించాడు. వల లాగే వాళ్లు పదిమంది తాడు కట్టి లాగితే బయటపడ్డాం. వాళ్లు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

రాత్రి పడుకునేముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే, అంటే మన పరుపుల దగ్గరే నిలుస్తుంది. వంట తలుపులు తీసే చేయాలి. ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిద్రపోతే, లోపలికి చేరే పొగలోని విషవాయువుకు వాసనుండదు, మెలకువ కూడా రాదు.

కొర్రమీను తిన్న నోటికి వంజరం చూస్తే ఆగదు, నిజమే. కొన్న వెంటనే ఐసులో పెట్టండి. ఎండకు వదిలేసిన వంజరం, కనగర్తల్లో పుట్టే విషం ఎంత ఉడికించినా పోదు. ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి, తల తిరుగుతుంది. ఊపిరాడనట్టుంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

సకినాలు మూత గట్టి డబ్బాలో పెట్టుకోండి, ఉప్పు గాలికి ఒక్క పూటలో మెత్తబడతాయి. ఇంటికొచ్చాక బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించి మరీ అప్పగించండి. తుప్పు పట్టిందని డిపాజిట్‌లో కోత పెట్టించుకున్నవాణ్ణి నేను.