పైథాన్‌లో అక్షాంశ రేఖాంశాలకు ఏ బ్రాకెట్లు వాడాలి?

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోని బోరుబావులనో చెరువులనో మ్యాపు మీద గుర్తించడానికి పైథాన్‌లో స్క్రిప్టు రాసేవారు ముందుగా తేల్చుకోవలసిన విషయం, ఒక చోటి అక్షాంశ రేఖాంశాలను గుండ్రని బ్రాకెట్లలో పెట్టాలా, చదరపు బ్రాకెట్లలో పెట్టాలా అన్నది. మొదట్లో రెండూ ఒకేలా పనిచేస్తాయి కాబట్టి చాలామంది దీన్ని పట్టించుకోరు. స్క్రిప్టు పెరిగాక మార్చడం మాత్రం చాలా శ్రమ.

ఒక్క బిందువుకు గుండ్రని బ్రాకెట్లే తగినవి. కర్నూలును (15.83, 78.04) అని రాస్తే అది టపుల్ అవుతుంది, ఆ తర్వాత అందులో ఒక విలువను మార్చడం గానీ మూడో విలువను చేర్చడం గానీ కుదరదు. బోరు వేసిన చోటు మారదు కనుక ఈ కట్టుబాటు మనకు మేలే చేస్తుంది. పైగా టపుల్‌ను డిక్షనరీలో (ఒక్కో గుర్తుకు ఒక్కో విలువను జతచేసి దాచే పట్టికలో) కీగా, అంటే వెతికే గుర్తుగా వాడి, ఆ చోటి బోరు లోతును దాని విలువగా దాచుకోవచ్చు; అదే చోటును [15.83, 78.04] అని లిస్టుగా రాసి కీగా ఇస్తే పైథాన్ టైప్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అయితే ఒకే బోరు దగ్గర ఫోన్ రెండుసార్లు ఇచ్చే అంకెలు చివరి స్థానాల్లో తేడాగా ఉండవచ్చు కాబట్టి, కీగా వాడేముందు దశాంశాలను కుదించాలి. అయిదు దశాంశ స్థానాలంటే అక్షాంశంలో సుమారు ఒక మీటరు, బోరుకు అది చాలు.

దారి, చెరువు గట్టు వంటి వాటికి బిందువులు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. అక్కడ బయట చదరపు బ్రాకెట్లు, లోపల గుండ్రనివి పెట్టాలి: కర్నూలు నుంచి అనంతపురం మీదుగా కడపకు దారి [(15.83, 78.04), (14.68, 77.60), (14.47, 78.82)] అవుతుంది. ఫ్లవర్ బ్రాకెట్లలో రెండు అంకెలను ఊరికే పెడితే అది సెట్ అవుతుంది, సెట్‌కు వరుస ఉండదు. కాబట్టి అక్షాంశ రేఖాంశాలకు అది పనికిరాదు.

బ్రాకెట్లు ఎంత సరిగ్గా ఎంచుకున్నా ఏ అంకె ముందు రావాలో అవి చెప్పవు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మనం మాటల్లో అక్షాంశాన్ని ముందు చెబుతాము; మ్యాపు సమాచారాన్ని ఫైలులో రాసే పద్ధతిగా 2016లో ప్రమాణంగా వెలువడిన జియోజేసన్ మాత్రం చదరపు బ్రాకెట్లలో రేఖాంశాన్ని ముందు అడుగుతుంది. అక్కడి నుంచి తెచ్చిన కర్నూలు అంకెలను తిప్పకుండా అక్షాంశం ముందు అనుకుని గీస్తే, 78.04 ఉత్తర అక్షాంశంగా మారి, చుక్క ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. రెండు అంకెలూ అక్షాంశానికి అనుమతించిన 90 లోపే ఉండడం వల్ల హద్దులను సరిచూసే కోడ్ కూడా ఈ తప్పును పట్టుకోలేదు. అందుకే ఇతరులు కూడా వాడే స్క్రిప్టులో నేమ్డ్ టపుల్ వాడి, రెండు విలువలకూ పేర్లు పెట్టడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

జియోజేసన్‌కు ఆధారమైన జేసన్ అనే ఫైలు పద్ధతిలో గుండ్రని బ్రాకెట్ల జతకు చోటు లేదు. ఫైలులో రాసిన టపుల్ తిరిగి చదివినప్పుడు లిస్టుగానే వస్తుంది కాబట్టి, చదివిన వెంటనే దాన్ని టపుల్‌గా మార్చడం, జియోజేసన్ అయితే వరుసను తిప్పడం రెండూ ఒకే ఫంక్షన్‌లో చేయాలి; మిగతా కోడ్ అంతా ఆ ఫంక్షన్ ఇచ్చిన జతలనే వాడాలి.