క్యాంపింగ్ పాఠాలు – 3: రంపమా, గొడ్డలా?

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మీ చుట్టుపక్కల దొరికే ఎండుకట్టెలు నాలుగు రకాలు తెచ్చి, ఎంత లావు వరకు చేత్తో విరుగుతాయో చూడమన్నాను. చేసినవాళ్లకు సంగతి ఈపాటికే తెలిసి ఉంటుంది. బొటనవేలి లావు వరకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. బాగా ఎండితే ఫట్‌మని విరుగుతుంది. అంతకంటే కాస్త లావైతే దగ్గరదగ్గరగా ఉన్న రెండు చెట్ల సందులో దూర్చి పక్కకు నెట్టండి. రాయికి ఆనించి కాలితో తన్నడం మాత్రం వద్దు. విరిగిన ముక్క ఎగిరి మొహం మీదికే వస్తుంది.

మరి కోయడం, చీల్చడం ఎందుకు? డిసెంబరులో లంబసింగి వెళ్లినవాళ్లను అడగండి. తెల్లారేసరికి టెంటు మీద, బండి సీటు మీద, రాత్రి బయట వదిలేసిన కట్టెల మీద మంచు నీళ్లే. కట్టె పైన తడి, లోపల పొడి. అగ్గిపెట్టె సగం ఖాళీ చేసినా అంటుకోదు. అదే కట్టెను నిలువునా నాలుగు చీలికలు చేస్తే లోపలి పొడి చెక్క బయటపడుతుంది, సన్నటి అంచులు చప్పున మంట అందుకుంటాయి.

కాబట్టి మన ముందున్నవి రెండు పనులు. పొడుగు కట్టెను నెగడుకు సరిపడా ముక్కలు చేయడం ఒకటి. ఆ ముక్కను నిలువునా చీల్చడం ఇంకొకటి. మొదటిది నారకు, అంటే కట్టెలో పొడుగునా సాగే పోగులకు, అడ్డంగా; రెండోది నార వెంట. అడ్డానికి రంపం, నిలువుకు గొడ్డలి. నేను మొదటిసారి ఇంట్లో ఉన్న పెద్ద గొడ్డలి ఒక్కటే మోసుకెళ్లి, ముంజేతి లావు తుమ్మకట్టెను దాంతోనే అడ్డంగా నరకబోయాను. అరగంటకు మూడు ముక్కలు. పెచ్చులు ఎగిరి సాంబారు గిన్నెలో పడ్డాయి. పక్క టెంటు కుర్రాడు చిన్న మడత రంపంతో అలాంటి కట్టెనే టీ చల్లారేలోపు కోసేశాడు. ఆ రోజు నుంచి నా సంచిలో మొదట పడేది రంపమే. ఒక్కటే కొనగలిగితే రంపమే కొనండి.

మడత రంపం ఎంచుకునేటప్పుడు చూడాల్సింది బ్లేడు పొడవు. బ్లేడులో సగం కంటే లావున్న కట్టెను దాంతో హాయిగా కోయలేం, ఎందుకంటే చెయ్యి ఆడించడానికి జాగా మిగలదు. ఎనిమిది అంగుళాల బ్లేడైతే నాలుగు అంగుళాల కట్టె. క్యాంపుకి అంతకంటే లావు ఎందుకు చెప్పండి? ఇంకో సంగతి, ఈ రకం రంపాలు ఎక్కువగా లాగేటప్పుడు కోస్తాయి. బజారులో దొరికే మామూలు చేతిరంపం అలవాటున్నవాళ్లు తోసేటప్పుడు బలం పెడతారు. అప్పుడు పల్చటి బ్లేడు వంకర పోతుంది. లాగేటప్పుడు బలం, తోసేటప్పుడు ఊరికే జారనివ్వడం, అంతే.

రంపం మధ్యలో పట్టేసి కదలనంటోందా? తప్పు రంపానిది కాదు, మీరు కట్టెను పెట్టిన తీరుది. రెండు రాళ్ల మీద వంతెనలా పెట్టి నడిమధ్య కోస్తే, ముప్పాతిక తెగేసరికి కట్టె కిందికి వంగుతుంది. కోత పైభాగం మూసుకుని బ్లేడును నొక్కేస్తుంది. అలా కాకుండా కట్టెను ఒక దుంగ మీద పెట్టి ఎడమ కాలితో అదిమి, కోసే చివర గాలిలో ఉండేలా చూడండి. ఆ చివర బరువుకు కోత దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక చేతిగొడ్డలి. తల అరకిలో నుంచి ఏడు వందల గ్రాముల దాకా, కామ, అంటే పిడి, మూరకు కాస్త తక్కువ ఉంటే చాలు. చిన్నది కదా, ప్రమాదం తక్కువేలే అనుకోకండి. పొడుగు కామ గొడ్డలి గురి తప్పితే ఎక్కువసార్లు నేలలో దిగుతుంది. పొట్టిది గురి తప్పితే తిరిగి వచ్చేది మీ మోకాలి మీదికే. అందుకే దీంతో నిలబడి పని చేయకూడదు. దుంగ ముందు మోకాళ్ల మీద కూర్చోండి.

అసలు ఎత్తి కొట్టాల్సిన పనే లేదు. ముక్క ఒక చివరను ఎడమ చేత్తో పట్టుకుని, రెండో చివర మీద గొడ్డలి అంచును నార వెంట ఆనించండి. రెండింటినీ కలిపి జానెడు ఎత్తి, కలిపే దుంగ మీద దించండి. అంచు కొంచెం దిగి ఇరుక్కుంటుంది. ఇంకో రెండుసార్లు అలాగే. ఆ తర్వాత కామను కాస్త మెలిపెడితే కట్టె కిర్రుమని విచ్చుకుంటుంది. వేళ్లు మాత్రం అంచుకు దూరంగా, మీరు పట్టుకున్న చివర దగ్గరే ఉండాలి. సరుగుడు తిన్నగా చీలుతుంది, నేర్చుకోవడానికి అదే మేలు. ముడులున్న చింతకట్టెతో పంతానికి పోవద్దు, దాన్ని అలాగే మంటలో పెట్టేయండి.

మచ్చుకత్తి చూడ్డానికి బాగుంటుంది, వీడియోల్లో ఇంకా బాగుంటుంది. వెదురుకు, పచ్చి రెమ్మలకు పనికొస్తుంది కానీ ఎండిన గట్టికట్టె మీద ఎగిరిపడుతుంది. వెదురు కాల్చేవాళ్లు మాత్రం ముందు చీల్చాలి. కణుపుల మధ్య గాలి వేడెక్కి టపాకాయలా పేలుతుంది.

గొడ్డలి కొనేటప్పుడు ఆన్‌లైన్ బొమ్మల కంటే సంతలో కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టీతో చేసింది నాకు నమ్మకం. అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పదునున్న అంచు కనబడదు, మొండి అంచు మీద తెల్లటి గీత మెరుస్తుంది. కామలో నార పొడుగునా సాగాలి, పక్కకు జారిపోకూడదు. తల వదులైతే నీళ్లలో నానబెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. ఆ పూటకు బిగుస్తుంది, ఎండాక మునుపటికంటే వదులవుతుంది. తలలో దూరిన కామ కొసలోకి చెక్క చీలిక దిగ్గొట్టి బిగించడమే అసలు మందు.

ఇవన్నీ సొంత తోటల్లో, అనుమతి ఉన్న క్యాంపు స్థలాల్లో వాడడానికి. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం నేరం, అక్కడ గొడ్డలితో కనబడితే ఫారెస్టువాళ్లకు జవాబు చెప్పుకోవాలి. కట్టెలు ఆ ఊళ్లోనే మోపు కొనుక్కోండి.

వచ్చే పాఠం పదును గురించి. ఈలోపు మీ ఇంట్లో ఉన్న కత్తులు, కొడవళ్లు అన్నీ వెలుతురులో పట్టి, ఎన్నింటి అంచు మీద తెల్ల గీత మెరుస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. ఒక సానరాయి కొని ఉంచండి, ఒక పక్క గరుకు, ఇంకో పక్క నున్నగా ఉండేది.