గోల్ఫ్ క్లబ్బులో కొత్తవారు కలిసిపోవాలంటే

గోల్ఫ్ క్లబ్బుల్లో మనస్పర్థలు చాలావరకు ఆట దగ్గర రావు, ఎవరితో ఎవరు ఆడాలన్న దగ్గరే వస్తాయి. పాత మిత్రులు నలుగురూ ఒక జట్టుగా వెళ్లిపోతారు. కొత్తగా చేరినవారు బ్యాగు మోసే క్యాడీతో కబుర్లు చెప్పుకుంటూ మిగిలిపోతారు. అందుకే వారంలో ఒక ఉదయం జట్లను చీటీలు తీసి నిర్ణయించండి. ఎంత హోదా ఉన్నవారైనా సరే, చీటీలో వచ్చినవారితోనే ఆడాలి.

ఆ రోజు లెక్క స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో, అంటే ప్రతి హోల్‌కూ పాయింట్లు ఇస్తూ వేస్తే మరీ మంచిది. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకులు, అంటే దెబ్బలు) తీసేశాక పార్‌కు (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్యకు) 2 పాయింట్లు, బోగీకి (పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువైతే) 1, అంతకు మించితే సున్నా. ఇక పాయింటు రాదని తేలగానే బంతిని జేబులో వేసుకుని తరువాతి హోల్‌కు నడవవచ్చు. బంకర్ అనే ఇసుక గుంటలో ఒకరు తవ్వుతుంటే వెనుక జట్టు నడుము మీద చేతులు పెట్టుకుని గుర్రుగా చూసే అవస్థ తప్పుతుంది. తప్పిపోయిన బంతికి 2019 నుంచి 3 నిమిషాలే గడువు కాబట్టి అందరూ కలిసి వెతకాలి. మాటలు కలవడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఒక్క కట్టుబాటు మాత్రం గట్టిగా పెట్టండి: అడగనిదే ఎవరూ ఎవరి స్వింగ్‌నూ (కర్ర ఊపే తీరునూ) సరిదిద్దకూడదు. ఉచిత సలహాల పెద్దలు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు, పాపం వారి ఉద్దేశం మంచిదే. పోటీ ఆట మధ్యలో ప్రత్యర్థికి సలహా ఇస్తే 2 స్ట్రోకుల జరిమానా ఉందని నవ్వుతూ గుర్తుచేయండి, ఆగిపోతారు.