సొరుగు బిగుసుకుపోతే కొవ్వొత్తి రాయండి
పాత చెక్క బీరువాలు ఇంటికి అందమే గానీ, సొరుగు లాగాలంటే కుస్తీ పట్టాలి, ఒక్కోసారి పిడి ఊడి చేతికొస్తుంది. సొరుగు పూర్తిగా బయటికి తీసి, దాని అడుగు అంచులూ అది జారే చెక్క పట్టీలూ పొడిబట్టతో తుడవండి. నున్నగా మెరుస్తున్న చోటే రాసుకుంటోందని గుర్తు, అక్కడ మాత్రం 220 నంబరు ఉప్పు కాగితంతో నాలుగైదు సార్లు రుద్ది, పొడి దులిపి, మామూలు తెల్ల కొవ్వొత్తిని రెండు వైపులా గట్టిగా రాయండి. తర్వాత పదిసార్లు లాగి తోస్తే మైనం సర్దుకుంటుంది. నూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిడ్డవుతుంది. వానాకాలంలో తేమకి చెక్క ఉబ్బి బిగిస్తే ఇది పెద్దగా పనిచేయదు. అలాగని తొందరపడి గీకేయకండి, చెక్క ఆరాక సొరుగు వదులైపోతుంది.