కథలో మూలభావం పట్టుకోవడం ఎలా?

అనంతపురంలోనో కర్నూలులోనో డిగ్రీ విద్యార్థులకు ఒక సీమ కథ ఇచ్చి, మూలభావం రాయమంటే చాలామంది "కరువు" అని ఒక్క ముక్క రాస్తారు. కథ దేని గురించో అది చెప్తుంది గానీ, ఏమంటోందో చెప్పదు. కరువు కథావస్తువు. ఆ కరువు గురించి కథ అనే మాట మూలభావం. కాబట్టి అది వాక్యంగా ఉండాలి, దానికి క్రియ ఉండాలి.

సాధనకు ఒక చిన్న కథ అనుకుందాం. శెనక్కాయ చేను ఎండిపోతోంది. రైతు ఇప్పటికే మూడు బోర్లు వేశాడు, చుక్క పడలేదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగినాయన ఒక చోటు చూపిస్తే, కాడెద్దులను అమ్మి నాలుగోది వేయించాడు. 600 అడుగుల దాకా దుమ్మే లేచింది. తెల్లారి బోరు లారీ వెళ్లిపోయింది. రైతు కొట్టంలోకి పోయి, గుంజకున్న ఖాళీ పలుపు ముడి విప్పి, మళ్లీ వేశాడు. కథ అంతే.

మొదటిసారి ఆగకుండా చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకుని, మళ్లీ మళ్లీ వచ్చే వస్తువునూ మాటనూ, పాత్ర మనసు మారిన చోటునూ, ముగింపునూ మాత్రమే గుర్తు పెట్టండి. పేజీ అంతా గీతలు గీస్తే ఏదీ కనబడదు.

తర్వాత మూడు ప్రశ్నలు. పాత్రకు ఏం కావాలి? దానికోసం ఏం పోగొట్టుకుంది? చివరికి ఏం మిగిలింది? ఇక్కడ జవాబులు నీళ్లు, ఎద్దులు, పలుపు. ఈ మూడింటినీ కలిపి, పాత్ర పేరూ ఊరి పేరూ లేకుండా పది పన్నెండు మాటల్లో రాయండి: "నీళ్ల మీది ఆశ, ఆ నీళ్లతో సేద్యం చేసే బలాన్నే ముందుగా మింగేస్తుంది."

ఇప్పుడు దీనికి కథ మొదట్లో, నడుమ, చివర ఒక్కో ఆధారం చూపండి. అడ్డొచ్చే చోటు కూడా వెతకండి. ఎద్దులు అమ్మే రోజు భార్య "ఇవి పోతే నీళ్లు పడి ఏం లాభం?" అనిందనుకోండి. పాత్ర మాటను రచయిత మాటగా వెంటనే తీసుకోకూడదు. ముగింపు ఆమె వైపు నిలబడింది కాబట్టి, ఇక్కడ తీసుకోవచ్చు. అప్పుడు ముందు చూపు ఉన్నా ఆ మాట చెల్లని మనిషి కూడా మీ వాక్యంలోకి రావాలి.

ఎక్కువగా జరిగే తప్పు, కథను నీతిగా మార్చడం. "అప్పు చేసి బోరు వేయకూడదు" అని ఈ కథ ఎక్కడా అనలేదు, పైగా అప్పు ఊసే లేదు. మరో తప్పు మన సీమ కథలకే పట్టింది: సీమ పేరు చూడగానే కరువో ఫ్యాక్షనో అని తేల్చేయడం. కడప పల్లెలో అత్తాకోడళ్ల కథను కూడా అలాగే చదివేస్తున్నారు. అది కథకు అన్యాయం.

వేమన పద్యంలో పని తిరగబడుతుంది. ఉప్పు, కప్పురం పద్యంలో చెప్పదలచిన మాట మూడో పాదంలో బయటికే ఉంది: పుణ్యపురుషులు వేరు. మీరు వెనక్కి వెళ్లి, ఉప్పూ కప్పురమే ఎందుకని అడగాలి. రెండూ కంటికి ఒకటే, తేడా రుచిలో ఉంది. అంటే మనిషి మంచితనం చూస్తే తెలియదు, మెలిగితేనే తెలుస్తుంది. ఆ "రుచి"ని వదిలేసిన జవాబు, మూడో పాదాన్ని తిరగరాసినట్టే ఉంటుంది.