ఇంటి దగ్గరే ఇంజిన్ మౌంటింగ్ మార్పిడి – 3వ పాఠం: బరువు మోసే మౌంటింగ్

ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలే మౌంటింగులు. వాటిలో ఏది పోయిందో కనిపెట్టడం గత పాఠంలో చూశాం. ఆటోమేటిక్ బండిలో బ్రేకు తొక్కి గేరులో ఉంచితే స్టీరింగ్ దాకా పాకే వణుకు న్యూట్రల్‌లోకి రాగానే తగ్గిందంటే అనుమానం మౌంటింగుల మీదే. న్యూట్రల్‌లోనూ అంతే వణుకుతుంటే ఇక్కడే ఆగండి. ముందు స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు చూసుకోవాలి. మిస్‌ఫైర్ అవుతున్న, అంటే ఇంధనం సరిగా మండని ఇంజిన్ కింద కొత్త రబ్బరు పెడితే డబ్బు దండగ.

ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజిన్ సాధారణంగా అడ్డంగా కూర్చుంటుంది. చాలావాటిలో టైమింగ్ వైపు (టైమింగ్ బెల్టు లేదా చైను ఉండే వైపు) ఒక మౌంటింగ్, గేర్‌బాక్స్ వైపు ఒకటి కలిసి బరువు మోస్తాయి. కింద ఉండే టార్క్ రాడ్ పని వేరు. ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఊగకుండా అది పట్టి ఉంచుతుంది. ఈరోజు మార్చేది టైమింగ్ వైపుది. మౌంటింగులు ఎన్ని పోయినా ఒకదాని తర్వాత ఒకటే విప్పాలి. రెండూ ఒకేసారి విప్పితే ఇంజిన్ పక్కకు జరిగిపోతుంది, మళ్లీ దారికి తెచ్చుకోవడానికి సగం రోజు పోతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు అడ్డు పెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. మౌంటింగ్‌కు అడ్డంగా కూలెంట్ డబ్బా ఉంటే పైపులు ఊడదీయకుండా డబ్బాను మాత్రం పక్కకు జరపండి. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసి, బ్రాకెట్ అంచు వెంట మార్కర్‌తో గీత గీయండి. ఈ మౌంటింగ్ పని పైనుంచే అయిపోతుంది. జాక్‌కు చోటు కోసం కింది ప్లాస్టిక్ షీటు తీయాల్సి వస్తే మాత్రం బండిని స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి వెళ్లండి. జాక్ ఒక్కదాని మీద నిలిచిన బండి కింద తల పెట్టొద్దు.

ఇక ఇంజిన్‌కు ఆసరా. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ సంప్ కింద జాక్ పెట్టి, రెండింటి మధ్యా మందపాటి వెడల్పు చెక్క వేయాలి. చెక్క లేకుండా జాక్ తలను నేరుగా ఆనిస్తే రేకు సంప్ సొట్టపడుతుంది, అల్యూమినియందైతే పగులుతుంది. సొట్టే కదా అనుకోకండి. ఆయిల్ పీల్చే గొట్టం మూతి సంప్ అడుగుకు చాలా దగ్గరగా ఉంటుంది. అడుగు పైకి లేచి ఆ మూతిని మూస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. చెక్క డ్రెయిన్ బోల్టు మీద ఆనకుండా కూడా చూసుకోండి.

ఈ పాఠంలో అసలు విద్య పానా తిప్పడంలో లేదు, జాక్ ఎత్తులో ఉంది. హ్యాండిల్‌ను కొద్దికొద్దిగా ఆడిస్తూ చూపు మౌంటింగ్ మీదే ఉంచండి. చెక్క సంప్‌ను తాకాక కాసేపు ఏమీ కదలదు. తర్వాత నలిగి కిందికి దిగిన రబ్బరు నెమ్మదిగా విచ్చుకోవడం కనిపిస్తుంది. అక్కడ ఆపండి. బండి ముందు భాగమే పైకి లేస్తోందంటే ఎత్తు ఎక్కువైనట్టే, కాస్త దించండి. ఇప్పుడు బోల్టులను సాకెట్‌తో కొంచెం వదులు చేసి, ఆ తర్వాత వేళ్లతో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే బరువు జాక్ మీదకు వచ్చిందని లెక్క. మరలు వదిలేశాక కూడా బోల్టు రంధ్రం అంచును రాసుకుంటూ బిగుతుగా వస్తుంటే ఇంజిన్ కాస్త కిందో పైనో ఉంది. పెద్ద పానా వెతుక్కోకుండా జాక్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరపండి, బోల్టు దానంతటదే వచ్చేస్తుంది. ఎత్తేటప్పుడు రేడియేటర్ పైపు, ఏసీ పైపు, తీగల కట్టలు లాగుడు పడకుండా ఒక కన్ను వేసి ఉంచండి.

పాతది బయటికి వచ్చాక కొత్తదాని పక్కన పెట్టి పోల్చండి. రంధ్రాలు, సరైన చోట కూర్చోబెట్టే లొకేటింగ్ పిన్ను, బాణం గుర్తు ఉంటే దాని దిశ, అన్నీ కలవాలి. ఎత్తులో తేడా మాత్రం సహజం, పాత రబ్బరు కుంగిపోయి ఉంటుంది కదా. అందుకే కొత్తది కూర్చోవాలంటే ఇంజిన్‌ను ఇంకొంచెం ఎత్తాల్సి వస్తుంది. పాతదాని ఒంటి మీద తడి చారలుంటే అది లోపల ద్రవం ఉండే రకం, ద్రవం కారిపోయిందన్నమాట. ఆ తడి ఇంజిన్ ఆయిల్‌దైతే ముందు లీకు ఆపండి. లేకపోతే కొత్త రబ్బరునూ ఆయిల్ తినేస్తుంది. గట్టిగా ఉంటాయని రబ్బరుకు బదులు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ రకం మౌంటింగులు వేసేవాళ్లున్నారు. రోజూ తిరిగే బండికి నేను వద్దంటాను, వణుకు తగ్గించుకుందామని మొదలుపెట్టి పెంచుకున్నట్టవుతుంది.

బిగించేటప్పుడు అన్ని బోల్టులనూ ముందు చేత్తోనే మూడు నాలుగు మరలు ఎక్కించండి. రంధ్రం కలవకపోతే బోల్టుతో లాగి కలపాలని చూడొద్దు. అల్యూమినియం బ్రాకెట్‌లో మర చెడితే మౌంటింగ్ కన్నా పెద్ద ఖర్చు. జాక్‌ను కొంచెం ఆడించండి, అవసరమైతే ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ నెట్టండి. అన్నీ ఎక్కాక జాక్ దించి, బరువు మౌంటింగ్ మీద కూర్చున్నాకే చివరి బిగింపు. గాల్లో ఉండగానే బిగిస్తే రబ్బరు మెలిపడినట్టే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. టార్క్ (బోల్టును ఎంత బలంగా తిప్పాలన్నది) ఎంతో మీ బండి మాన్యువల్ చూసి, ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించండి. అంకె పక్కన “+ 90 డిగ్రీలు” లాంటిది ఉంటే ఆ బోల్టు బిగించినప్పుడు సాగేది కావచ్చు. అలాంటి చోట పాతవి పక్కన పడేసి కొత్తవి వాడండి.

బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయండి. వణుకు చాలావరకు తగ్గినా ఇంకా కాస్త మిగిలిందా? కొత్త మౌంటింగ్‌తో ఇంజిన్ ఎత్తు మారింది, టార్క్ రాడ్ మాత్రం పాత ఎత్తులోనే బిగించి ఉంది. ఇప్పుడది అడ్డంగా లాగుతూ ఉండొచ్చు. దాని సంగతి 4వ పాఠంలో. రోడ్డు నీళ్లు తగిలే చోట ఉంటాయి కాబట్టి దాని బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. పని పెట్టుకునే ముందు రోజు రాత్రే వాటికి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.